కొర్రల వాన

మొన్న కడపలో మా మనవరాలి బడి వార్షికోత్సవానికి పోయి, మెత్తటి కుర్చీలో చల్లగా కూర్చున్నదాన్ని, పిల్లల నాటకంలో ఉన్నట్టుండి వాన మొదలయ్యేసరికి ఒళ్లంతా చెమటలు పట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అరవై దాటిన మనిషి పిల్లల ఆట చూసి ఇట్లా బిగుసుకుపోతే పక్కవాళ్లు ఏమనుకుంటారు? బీపీ మాత్ర మరిచిపోయారా అత్తమ్మా అని మా కోడలు చెవిలో అడిగింది. మాత్ర కాదమ్మా, వాన అంటే ఆ పిల్లకేం అర్థమవుతుంది! ఆ వాన నాలుగు మూలలా పెట్టిన స్పీకర్లలోంచి వస్తోంది, పిల్లల మాటలూ వాటిలోంచే వస్తున్నాయి, పాపం పిల్లలు పెదవులు కదిలిస్తూ చేతులు ఊపుతున్నారంతే. అంత పెద్ద హాల్లో ఎవరికీ ఏ భయమూ లేదు. నాకొక్కదానికే నలభై అయిదేళ్ల నాటి భయం మళ్లీ వచ్చి కూర్చుంది.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు పల్లె. నేను పదో తరగతికి వచ్చిన ఏడు, పంద్రాగస్టుకు ఏటా నాటకం ఆడించే తెలుగు సారుకు బదిలీ అయిపోయింది, ఇక ఈసారి నాటకం లేనట్టే అనుకుంటుంటే పెద్దసారు మా తరగతికి వచ్చి, మీరే రాసుకోండి, మీరే ఆడుకోండి, సార్లెవరూ వేలు పెట్టరు, కానీ ఊరివాళ్ల ముందు బడి పరువు తీశారంటే మళ్లీ ఈ వరండా ఎక్కనివ్వను అని చెప్పి పోయారు. ఆయన గడప దాటకముందే పెత్తనమంతా దర్జీ చిన్నాయన కూతురి చేతికి పోయింది. ఆ చిన్నాయన మా నాయనను అన్నా అని పిలిచేవాడు, వాళ్ల రంజాన్ సేమియా మా ఇంటికి రాకుండా, మా ఉగాది బొబ్బట్లు వాళ్లింటికి పోకుండా ఏ పండగా గడిచేది కాదు. వాళ్ల నాయన మిషన్ మీద ఎంత నెమ్మదిగా కుట్టేవాడో కూతురు అంత గట్టిగా అరిచేది. నాటకం తనే రాసింది, వేషాలు తనే పంచింది, రెండు దుప్పట్లు కలిపి తెర కూడా తనే కుట్టింది. నా గొంతు మూడో వరుసకు కూడా వినపడదని తేల్చేసి నాకు వేషం ఇవ్వలేదు. అబ్బో, ఎంత ఏడ్చానో! చివరికి జాలిపడి, పోనీ వాన నువ్వు చెయ్యి అంది.

వాన అంటే మాటలా? వరసగా రెండేళ్లు చినుకు పడని ఊరు మాది, నాటకం కూడా దాని గురించే. వానలు లేక ఊరు విడిచి పనులకు పోదామని కొడుకులూ, పోవద్దని తల్లీ తగువుపడి, మూట కట్టుకుని గడప దాటే వేళకు వాన శబ్దం వినపడాలి. ఆ శబ్దం సరిగా రాకపోతే నాటకమే లేదు. రేకు డబ్బా ఒకటి చీల్చి సాపు చేసి, ఏటవాలుగా నిలబెట్టి దాని మీద ఇసుక పోసి చూశాం, ఎవరో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నట్టుంది. చింతపిక్కలు పోస్తే కోతులు ఇంటిమీద పడ్డట్టుంది. ఆఖరుకు ఆ పిల్ల, వాళ్ల అమ్మ డబ్బా అడుగున దొరికిన పిడికెడు పొట్టు తీయని కొర్రలు తెచ్చి పోస్తే, నిజం చెబుతున్నా, అందరం తలెత్తి పైకి చూశాం. పైనుంచి సన్నగా పోస్తే తుంపర, చేట దగ్గరగా వంచితే జడివాన. కానీ పిడికెడు కొర్రలకు వాన ఎంతసేపు కురుస్తుంది?

“రెండు పడులన్నా కావల్ల. యాడుండాయి కొర్రలు ఇప్పుడు? అందరిండ్లల్లో గింజలైపాయ గదా” అని ఆ పిల్ల తల పట్టుకుంది.

“మా ఇంట్లో ఉండాయి” అన్నాను నేను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. మా ఇంట్లో ఉన్నవి తినే కొర్రలు కావు. అవి ఎప్పుడో అయిపోయి మేం రేషను నూకలతో జావ కాచుకుంటున్నాం. ఉన్నవి విత్తనాలు, మా అవ్వ, అంటే మా నాయన తల్లి, వేపాకూ బూడిదా కలిపి, కుండకు పోసి, మూతికి గుడ్డ కట్టి, పైన పేడతో మెత్తి గోడవారన పెట్టిన నాలుగు పడుల కొర్రలు. మన వైపు పల్లెల్లో పెరిగిన వాళ్లకు చెప్పనక్కర్లేదు, వాన పడి నేల పదునయ్యాక ఇంటి ఆడమనిషి తలస్నానం చేసి, పసుపు పెట్టి, టెంకాయ కొట్టి తీయాల్సిందే తప్ప ఆ మూత ఇంకెవరూ ముట్టగూడదు. రెండేళ్ల కరువులో ఇంట్లో పిల్లలం ఆకలని ఏడ్చిన రోజుల్లో కూడా అవ్వ ఆ కుండ వైపు చూడనివ్వలేదు. అదే ఆఖరి విత్తనం, పోతే మళ్లీ తెచ్చుకునే చోటు లేదు. అట్లాంటి కుండను నేను, ఒక వేషం దొరకలేదన్న ఉక్రోషంతో, అవ్వ బోరింగు కాడికి నీళ్లకు పోయిన వేళ చూసి విప్పి, సగం కొర్రలు గుడ్డలో మూట కట్టుకుని, గబగబా పేడ తెచ్చి మళ్లీ మెత్తేశాను. ఏం తెలివో నాది! రెండేళ్ల నాటి ఎండిన పేడ మీద పచ్చి పేడ మెత్తితే కనపడదనుకున్నాను చూడండి.

ఆడేది మూడు రోజుల్లోనే గదా, నాటకం కాగానే పోసేద్దామని నా ధైర్యం. రేకు కింద దుప్పటి పరిచి, ఒక్క గింజ బయట పడకుండా పోయడం నేర్చుకున్నాను, ప్రతి రిహార్సల్ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ మళ్లీ ఏరాను. మూట బడిలో బీరువా కింద దాచేదాన్ని. ఇంటికి పోతే అవ్వ ఆ గోడ వైపు నడిచిన ప్రతిసారీ నేను లేచి ఎదురు పోయేదాన్ని, మా అమ్మ ఏదో అడిగితే ఇంకేదో చెప్పేదాన్ని. ఒక సాయంత్రం అవ్వ కుండ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. నాపని అయిపోయిందనుకున్నాను. చెయ్యి తీసి, కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది.

అంతటితో అయిందా? పంద్రాగస్టు రెండు రోజులుందనగా పడమట మోడం పట్టింది. నల్లటి మబ్బు కొండ మీదికి వచ్చి కూర్చుంది. ఊరంతా వీధుల్లోకి వచ్చి ఆకాశం చూడటమే, మగవాళ్లు విత్తనం వేసే గొర్రులు బయటికి తీసి మేకులు బిగించుకోవడమే. ఎదురైన ప్రతివాళ్లూ “ఏమప్పా, ఈ పారి కొడ్తాదంటావా?” అని ఒకరినొకరు అడుక్కోవడమే. వాన పడితే తెల్లవారి అవ్వ కుండ విప్పుతుంది. ఊరు ఊరంతా వానకు మొక్కుతుంటే నేనొక్కదాన్నే, పాపిష్టిదాన్ని, స్వామీ ఈ రెండు రోజులు ఆపు అని మొక్కుకున్నాను. ఇప్పటికీ ఆ మొక్కు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యమేస్తుంది. మధ్యలో ఒకసారి ధైర్యం చేసి, కొర్రలు తీసుకుపోతానని దర్జీ చిన్నాయన కూతురితో అన్నాను గానీ, “చుప్! వాన లేకుంటే నాటకం యాడుందే?” అని ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టేసరికి, అవి విత్తనాలని చెప్పడానికి నా నోరు పెగల్లేదు.

పంద్రాగస్టు పొద్దున జెండా ఎగరేసి, బొరుగులూ బెల్లమూ పంచాక నాటకం మొదలైంది. మా బడి వరండాయే రంగస్థలం, జనమంతా ముందున్న ఇసుక నేల మీద కూర్చున్నారు. తెర సందులోంచి తొంగి చూశాను. ఏనాడూ బడి మొహం చూడని మా అవ్వ ముందు వరుసలో కూర్చుని ఉంది, ఒళ్లో మడత పెట్టిన గుడ్డసంచి ఒకటి. నాటకానికి వచ్చే మనిషికి సంచి ఎందుకు? మబ్బు బడి కప్పును తాకుతుందా అన్నట్టు దిగివచ్చింది, గాలి స్తంభించింది. పిల్లలు ఏం మాట్లాడారో, తల్లి వేషం వేసిన పిల్ల ఎట్లా ఏడ్చిందో నేనొక్క ముక్క వినలేదు. ఎప్పుడవుతుందా, ఎప్పుడు మూట కట్టుకుని ఇంటికి పరుగెత్తుతానా అని అదే ధ్యాస. దర్జీ చిన్నాయన కూతురు చెయ్యి ఎత్తింది. నేను చేట వంచాను.

రేకు మీద వాన మొదలైంది. సన్నగా, తర్వాత చిక్కగా. జనం ఒక్కసారిగా మాటలు ఆపేశారు. చంటిపిల్లలు కూడా ఏడ్వలేదు. ఆ నిశ్శబ్దంలో నా చేతిలోంచి జారే కొర్రల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, రెండేళ్లుగా ఆ ఊరు విననిది అదే గదా. చేట సగం ఖాళీ అయిందో లేదో, ఎక్కడినుంచి వచ్చిందో, ఈదురుగాలి వచ్చి తెరను పీకి పారేసింది. రేకు ఎగిరి దొర్లింది, కొర్రలున్న దుప్పటి గాలిపటంలా లేచి వరండా ముందరి ఇసుకలోకి తిరగబడింది, దాని వెనకే చేట. వెంటనే రూపాయి బిళ్లలంత చినుకులు పడ్డాయి. జనం కేకలు పెడుతూ లేచారు, ఎవరో చొక్కా విప్పి తిప్పుతున్నారు, వేషాలు వేసిన పిల్లలు నాటకం మరిచి తడుస్తూ ఎగురుతున్నారు. వరండా మెట్ల మీద నుంచి దూకి, బురదలో బోర్లాపడి, దోసిళ్లతో ఇసుకా గింజలూ కలిపి ఎత్తుకుంటూ గట్టిగా ఏడుస్తున్నది నేనొక్కదాన్నే.

నా భుజం మీద చెయ్యి పడింది. తలెత్తితే అవ్వ. తడిసిన ముగ్గుబుట్ట తల, చంకలో ఆ గుడ్డసంచి. కొడుతుందని కళ్లు మూసుకున్నాను.

“ఏరొద్దు పాపా” అంది. “తడిసిన ఇత్తనం మల్ల కుండకు రాదు. తొక్కకండా మన్ను కప్పు.”

అని తనే కూలబడి, అరచేత్తో ఇసుక మెత్తగా నిమరడం మొదలుపెట్టింది. దర్జీ చిన్నాయన కూతురు వచ్చి చూసి, అప్పటికి గానీ అవి ఏ కొర్రలో ఆమెకు అర్థం కాలేదు, తెల్లబోయి, ఎగురుతున్న వాళ్లందరినీ అరిచి పిలిచింది. ఆ వానలో పదో తరగతి పిల్లలం అందరం మోకాళ్ల మీద కూర్చుని మా బడి ముంగిట విత్తనం వేశాం.

ఇంటికి నడుస్తూ అవ్వను అడిగాను, తెలుసా అని.

“పచ్చి పేడ ఏదో ఎండిన పేడ ఏదో తెలీదనుకుంటివా? నువ్వు మెత్తిన పొద్దే సూసినా.”

“మరి అడగలేదేం అవ్వా?”

“రెండేండ్లాయ వాన సప్పుడు ఇని. పిల్లోల్లు సేస్తారంట అంటాంటే, ఓ పారి ఇందామనుకుంటి. ఆట అయినంక నేనే ఎత్తుకుపోదామని సంచి గూడ తెచ్చుకుంటి” అంది. అంతే, ఆ తర్వాత ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు, మా నాయన అడిగితే ఎలుకలు కొట్టినాయని చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది, నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది. మిగిలిన రెండు పడులూ సగం చేనుకే వచ్చాయి. సగం పచ్చగా, సగం బోడిగా ఉన్న ఆ చేను గట్టు మీదుగానే నేను రోజూ బడికి పోవాల్సి వచ్చేది, పోతున్నంతసేపూ తలెత్తేదాన్ని కాదు.

బడి ముందు మాత్రం ఆరో రోజుకే సన్నటి పచ్చదనం లేచింది. పెద్దసారు చూసి ఏమంటారోనని భయపడ్డాం గానీ ఆయన వంగి చూసి, రేపటినుంచి ప్రార్థన బడి వెనక అని చెప్పి లోపలికి పోయారు. ఇక దర్జీ చిన్నాయన కూతురి హడావుడి చూడాలి! నాటకానికంటే పెద్ద ప్లాను వేసింది, మేకలు రాకుండా ముళ్లకంపలు ఎవరు తేవాలి, పిట్టలు తోలే వంతు ఎవరిది, అన్నం తిని చేతులు కడిగే నీళ్లు ఏ వరుసకు పోయాలి అని గోడ మీద బొగ్గుతో రాసి పెట్టింది. కార్తీకంలో వెన్నులు బంగారంలా వంగాయి. అవ్వ కొడవలి తెచ్చి కోసి, అదే వరండా మీద, నాటకం ఆగిపోయిన చోటే కొట్టి, తూర్పారబట్టింది. కొలిస్తే రెండు పడులూ, పైన ఒక దోసెడూ వచ్చాయి. రెండు పడులు ఆ గుడ్డసంచిలో పోసుకుని, దోసెడు తీసి దర్జీ చిన్నాయన కూతురి ఓణీలో పోసింది.

“ఇయి నీ వానకు. ఈ పారి అడిగి తీసుకోండి” అంది. అప్పుడు ఏడ్చాను నేను, అందరి ముందూ, ఏ సిగ్గూ లేకుండా.

అవ్వ పోయాక కొన్నేళ్లకు చేనులో బోరు పడింది, కొర్రలు మానేశారు, కుండ ఏమైందో నాకు తెలియదు. మనవరాలిని నాటకం అయ్యాక అడిగాను, వాన ఎట్లా చేశారే అని. ఫోన్లో ఉంటుంది జేజీ, నొక్కితే వస్తుంది, మళ్లీ నొక్కితే ఆగిపోతుంది అంది. మంచిదే, ఏ పిల్లా దొంగతనం చేయక్కర్లేదు, ఏ ముసలమ్మా సంచి తెచ్చుకోనక్కర్లేదు. అయినా ఉండబట్టలేక ఇంటికి వచ్చాక, డాక్టరు షుగరుకు తినమన్నారని మా కోడలు కొనే కొర్రల ప్యాకెట్టు విప్పి, స్టీలు పళ్లెం ఏటవాలుగా పట్టుకుని, చెవి పెట్టి వినమ్మా అని ఆ పిల్ల ముందు దోసెడు పోశాను. వాన రాలేదు. చప్పగా ఏదో రాలినట్టు అయింది. చేతిలోకి తీసుకుని చూస్తే అప్పుడు తెలిసింది, పొట్టంతా తీసేసిన గింజలవి. ఇంకో దోసెడు తీసుకుపోయి బాల్కనీలో పూలకుండీలో చల్లి, అరచేత్తో మన్ను కప్పి, పది రోజులు నీళ్లు పోశాను. మొలవవని నాకు తెలుసు. అయినా పోశాను.