కొండ మలుపులో ఆగిన సైకిల్

పోయిన ఆదివారం పొద్దున ఆరున్నరకు మా గేటు ముందు సైకిలు గంటలు మోగాయి. అనంతపురంలో సైకిళ్ల గుంపొకటి ఉంది. అందరూ యాభై దాటినవాళ్లే. తెల్లారకముందే హెల్మెట్లు పెట్టుకుని బళ్లారి రోడ్డు మీద కాసేపు తొక్కి, తిరిగొచ్చి టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటారు. తొక్కేదానికంటే తినేదే ఎక్కువని నా అభిప్రాయం, ఆ మాట వాళ్ల ముందే అన్నాను కూడా. గుంపుకు పెద్ద, రిటైరైన డ్రిల్లు సారు గేటు మీద చెయ్యి పెట్టి, "అక్కా, అక్టోబరులో మళ్లీ పోతాండాం. ఈసారి సైప్రస్ అంట. అదీ దీవే, ఆ సముద్రమే. వస్తావా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల వెనకాల నిలబడిన ఎరువుల అంగడాయన, "వస్తే రానీ సార్. ఈసారి నీళ్లు తాగతానని ముందే సంతకం చేయించుకో" అన్నాడు. పదిమందీ నవ్వారు. ఆరేళ్లయింది, ఇంకా అదే నవ్వు. "నాకు పనుండాది" అని గేటు వేసేశాను. సారు అవతల నుంచే, "చెల్లెలు ఎట్లుండాది?" అన్నాడు. "బాగుండాది" అన్నాను. అది అబద్ధం.

నేను మాటలు మరిచిపోయే మనిషిని కాదు. నా పదవీ విరమణ రోజు కప్పిన శాలువా మీద వేరే ఎవరిదో కుంకుమ మరక ఉండింది. అంతకుముందు ఎవరికో కప్పినదే మడిచి మళ్లీ నాకు కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ ఉతకకుండా పెట్టెలో దాచాను, ఎవరైనా నేను కల్పించి చెప్తున్నానంటే చూపించడానికి. ముప్పై ఏళ్లు వజ్రకరూరు చుట్టుపక్కల పల్లెల్లో నర్సమ్మగా పనిచేశాను. తొలకరి వాన పడితే జనం ఆ చేలల్లో వజ్రాల కోసం తలలు వంచుకుని తిరుగుతారు. నేను తలెత్తుకుని వాళ్ల పక్కనుంచే సైకిలు తొక్కుకుంటూ పోయేదాన్ని, వెనక క్యారియర్ మీద టీకాల డబ్బా కట్టుకుని. పల్లెకూ పల్లెకూ మధ్య నీడ ఉండదు, కొళాయి ఉండదు. నాతో ఒక సీసా నీళ్లుండేవి కానీ వాటిని ముట్టేదాన్ని కాదు. మోసుకెళ్లే నీళ్లు దారిలో ఎవరికైనా ఏమైనా అయితే వాడడానికి. మనం తాగేది చేరిన ఇంట్లో. ఆ సీమలో ఎంత పేద ఇంటి గడప తొక్కినా ముందు చెంబుతో నీళ్లిస్తారు, తర్వాతే ఎందుకొచ్చావని అడుగుతారు. వద్దంటే వాళ్లకు అవమానం. అడిగి తాగితే మనకు అవమానం. ఈ పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు, మొదటి ఎండాకాలమే నేర్పింది.

మా చెల్లెలు నాకంటే నాలుగేళ్లు చిన్న. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేది. ఆమెకు సైకిలు నేర్పింది నేనే, వజ్రకరూరు ఆసుపత్రి క్వార్టర్ల వెనక, నా డ్యూటీ సైకిలు మీద. పడిన ప్రతిసారీ ఏడ్చేది, నేను మళ్లీ ఎక్కించేదాన్ని. అలాంటి మనిషి యాభై అయిదేళ్లప్పుడు ఆ గుంపులో చేరి, ఒకరోజు నన్నూ తీసుకుపోయి, "మా అక్క. ఏదో కాలక్షేపానికి వచ్చినాది" అని పరిచయం చేసింది. ముప్పై ఏళ్లు పొట్టకూటికి తొక్కినదాన్ని కాలక్షేపానికి వచ్చానంది. నేను మనసులో పెట్టుకున్నవాటిలో అది మొదటి మాట.

ఆ గుంపు ఒక సంవత్సరం మధ్యధరా సముద్రంలోని క్రీట్ దీవి చుట్టూ సైకిళ్ల మీద తిరగాలని తీర్మానించింది. ఉసిగొల్పింది మా చెల్లెలే. ఆమె పాఠం చెప్పే పుస్తకంలో ఆ దీవి మీది పాత కోట బొమ్మ అరచేతి కంటే చిన్నది ఉండేది. మసకగా, నలుపు తెలుపుల్లో, మనిషంత ఎత్తు మట్టి జాడీలు వరసగా నిలబడి ఉండేవి. ఇరవై అయిదేళ్లు పిల్లలకు ఆ బొమ్మే చూపించింది. "ఆ జాడీల పక్కన నిలబడి చూడల్ల అక్కా, అంతే. ఇంకేమీ వద్దు" అనేది. నేనూ వస్తానన్నాను. అప్పటికి మా ఇంటాయన పోయి చాలా ఏళ్లయింది, అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. బయలుదేరే ముందు జరిగిన మీటింగులో డ్రిల్లు సారు, "కొండలుంటాయి. తొక్కలేనోళ్లకు వెనకాల వ్యాన్ వస్తాది" అని చెప్తూ నా వైపే చూశాడు. అందరూ చూశారు. మా చెల్లెలు కూడా చూసింది. "నేను వ్యాన్ ఎక్కను" అన్నాను. "అందరూ అట్లే అంటారులే అక్కా" అన్నాడు ఎరువుల అంగడాయన. ఆ క్షణమే అనుకున్నాను, ఆ దీవి మొత్తం తొక్కి, ఆఖరి రోజు ఆ కోట కొండ మీదికి నా కాళ్లతోనే ఎక్కాలని. నాకు జాడీలతో పని లేదు. పైన నిలబడి వీళ్ల మొహాలు చూడాలి.

క్రీట్ గురించి అందరూ నీలి సముద్రం అంటారు. సముద్రం ఉంది, కాదనను. కానీ దాని నుంచి రెండు మైళ్లు లోపలికి పోతే మన తనకల్లు దగ్గరి గుట్టలే. అదే ఎండిన గడ్డి, అవే గుండ్లు, వాటి మీద అవే మేకలు. వాగుల్లో నీళ్లు లేవు, గన్నేరు పూలున్నాయి. ఆలివ్ చెట్లు మూడేళ్లు వాన చూడనట్టు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఇంత దూరం విమానం ఎక్కి వచ్చింది మళ్లీ మన కరువును చూడడానికా అని నాకు అనిపించింది. పొద్దున టిఫినుకు దోసకాయ ముక్కలు, ఉప్పు జున్ను, కొరికితే పళ్లు కదిలే బార్లీ రొట్టె. ఆ రొట్టెలోకి ఇంటి నుంచి తెచ్చిన చెనిక్కాయల పొడి పొట్లం విప్పింది నేనే. నాలుగో రోజుకు దాన్ని అందరూ కలిసి ఖాళీ చేశారు, ఒక్కరూ బాగుందనలేదు.

దారి చూపించే గైడు ఆ ఊరి అమ్మాయి. ప్రతి సైకిలుకూ రెండు నీళ్ల సీసాలు తగిలించి, పావుగంటకోసారి రెండు గుక్కలు తాగాలని రోజూ చెప్పేది. అందరూ తొక్కుతూనే నోట్లో పెట్టుకుని చీకేవాళ్లు. నేను తాగేదాన్ని కాదు. చేరినచోట తాగుదామనుకునేదాన్ని. మొదటి నాలుగు రోజులు సముద్రపు గాలి ఉండింది, దూరాలు తక్కువ, సాయంత్రం బసలో చెంబుల లెక్కన తాగి సరిపెట్టుకున్నాను. అయితే ఆ దీవిలో ఒక సంగతి నాకు అర్థం కాలేదు. ఊళ్లు వచ్చేవి, కాఫీ అంగళ్ల ముందు ముసలాళ్లు కూర్చుని మా వైపు చూసి చెయ్యి ఊపేవాళ్లు, ఒక్కరూ నీళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు కాదు. కావాల్సింది మనమే అడిగితే తెస్తారట. అడిగి తాగడం నాకు చేతకాలేదు.

ఆఖరి రోజు దారి సముద్రాన్ని వదిలేసి లోపలి మైదానంలోకి తిరిగింది. సెప్టెంబరు ఎండ. గాలి లేదు. ఇరవై మైళ్ల తర్వాత మైదానం మధ్యలో ఒక కొండ, దాని మీద ఆ కోట. దారి మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. వరసలో నేను అయిదోదాన్ని. ఎరువుల అంగడాయన నా వెనక రొప్పుతున్నాడు, ఆ రొప్పు వింటూ నేను తొక్కాను. చివరి మలుపు తిరిగితే పైన రాతి గోడ కనిపించింది. ఆ తర్వాత తెల్లగా ఏదో కమ్మింది. నోట్లో నాలుక చెక్కలా అయింది. కళ్లు తెరిచేసరికి రోడ్డు పక్కన పడి ఉన్నాను. మా చెల్లెలు నా తల తొడ మీద పెట్టుకుని నా సీసా విప్పి నెత్తిన పోస్తోంది.

"ఆ నీళ్లు పారబోయొద్దే" అన్నాను.

"యాడ పారబోస్తాండా? నీ నెత్తినే కదా పోస్తాండా. ఇవి ఎవరికి దాచిపెట్టుకున్నావు అక్కా?" అంది. గైడు పిల్ల రెండో సీసా ఎత్తి ఎండకు పట్టి చూసింది. నిండుగా ఉంది. మూత సీలు కూడా తీయలేదు. ఆ పిల్ల ఏదో అంది, డ్రిల్లు సారు తల పట్టుకున్నాడు. వాళ్లందరూ కలిసి నన్ను లేపి వ్యాన్‌లో కూర్చోబెట్టారు. పైన గేటు ఇంకో రెండు గంటల్లో మూసేస్తారని గైడు తొందరపెట్టింది. మా చెల్లెలు వ్యాన్ తలుపు పట్టుకుని ఒకసారి కొండ వైపు, ఒకసారి నా వైపు చూసింది. "అక్కా, పోయి చూసొస్తా" అంది. నేను మొహం తిప్పుకున్నాను. ఆమె సైకిలెక్కి పైకి పోయింది.

ముసలి డ్రైవరూ నేనూ ఒకరి భాష ఒకరికి రాకుండా గంటన్నర ఆ మలుపులో కూర్చున్నాం. నా సైకిలు రోడ్డు వార రాతికి ఆనించి ఉంది. గోడ అవతల వాళ్ల మాటలు, నవ్వులు వినిపించేవి. తిరిగొచ్చేటప్పుడు మా చెల్లెలి మొహం ఎంత వెలిగిపోతోందో చూశాను. ఆ మొహాన్నే నేను క్షమించలేకపోయాను. రాత్రి భోజనాల దగ్గర ఆమె అందరికీ చెప్పింది, "మా అక్క రెండు సీసాల నీళ్లు సైకిలుకు పెట్టుకుని దప్పికతో పడిపోయినాది. అనంతపురమోళ్లు చచ్చేటప్పుడు కూడా నీళ్లు మిగిలిస్తారు." బల్ల చుట్టూ అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత ఆమె ఆ జాడీల గురించి, మెట్ల గురించి, పైన వీచిన గాలి గురించి చెప్తూ పోయింది. నేను పళ్లెంలోకి చూస్తూ వినలేదన్నట్టు కూర్చున్నాను. ప్రతి మాటా విన్నాను.

ఊరికి వచ్చాక ఆమె ఫోన్ చేసేది. నేను ఊఁ, ఆఁ అనేదాన్ని. "ఏమక్కా, కోపమా?" అంటే, "నాకేం కోపం" అనేదాన్ని. ఆ రోజు నన్ను వదిలి పైకి పోయినందుకు తప్పయిందని ఒక్కమాట అంటే చాలు, అదీ తనంతట తాను అనాలి. నీళ్ల లాగే, అడిగి తీసుకునేది కాదు. ఏళ్లు ఇలాగే గడిచాయి. ఆమె భర్త సొంతూరు కొత్తచెరువుకు వాళ్లు ఇల్లు మార్చినప్పుడు నేను పోలేదు. పోయిన ఏడు ఆమె ఫోన్లు ఆగిపోయాయి. అదీ మనసులో పెట్టుకున్నాను. మూడు నెలల తర్వాత మా మరిది ఫోన్ చేసి, "వదినా, ఆమెకు మతి నిలవడం లేదు. నీ నంబరు కాదు, ఫోన్ అంటే ఏందో మరిచిపోతాంది" అన్నాడు. అప్పటి నుంచి రెండు వారాలకోసారి బస్సెక్కి పోతున్నాను. పోయినప్పుడల్లా ఈసారి ఆ మాట అడిగేయాలనుకుంటాను. అడగను. పోయిన ఆదివారం మాత్రం ఆ పదిమంది నవ్వు చెవుల్లో పెట్టుకుని, ఈ పొద్దు అడిగే తీరతానని బస్సెక్కాను. ఆమెకు పూర్తిగా తెలియకుండా పోకముందే నాకు ఆ మాట దక్కాలి.

ఆమె వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది, అన్నిసార్లూ పట్టదు. డ్రిల్లు సారు వాళ్లు మళ్లీ దీవికి పోతున్నారని చెప్పాను. "ఆ రోజు కొండ దగ్గర ఏమైందో నీకు గ్యాపకముందా?" అని అడిగాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎట్ల మరిచిపోతా? నేను పడిపోతి. నన్ను వ్యాన్‌లో పడేసి నువ్వు పైకి పోతివి. ఎంతసేపు కూర్చున్నానో ఎరుకనా? ఆ డ్రైవరు ముసలాయన తప్ప ఎవరూ లేరు. జాడీలు చూడల్లని నేను కదా అనింది. నువ్వు చూసొస్తివి."

మా మరిది కాఫీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడిపోయాడు. నేను వెంటనే, "కాదు, పడింది నేను, పోయింది నువ్వు" అనబోయాను. ఆరేళ్లు అరిగిపోకుండా దాచిన వాక్యం అది. కానీ ఆమె మొహం చూశాను. ఆ గంటన్నర వ్యాన్‌లో నా మొహం ఎలా ఉండి ఉంటుందో అప్పటిదాకా నేను చూడలేదు.

"పైన ఏముండింది అక్కా?" అంది.

నేనెప్పుడూ ఎక్కని కొండ గురించి చెప్పాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె నోటి నుంచి విన్నదంతా, వరస తప్పకుండా. వెడల్పాటి రాతి మెట్లు. చదునైన పెద్ద ముంగిలి. ఒక మూల జాడీలు, నీ అంత ఎత్తు, మెడల చుట్టూ తాళ్లు చుట్టినట్టు గీతలు. అంచు మీద నిలబడితే మైదానమంతా కనపడతాది, గాలి మనిషిని నిలవనీదు.

ఆమె కళ్లు మూసుకుని వింది. "నన్ను లేపి పిలుచుకోని పోవల్ల కదా" అంది చివరికి.

"పోవల్ల. తప్పు నాదే" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని, సరేలే పో అన్నట్టు రెండుసార్లు తట్టింది. ఇంత సులభంగా క్షమించడం నాకెప్పుడూ రాలేదు. మా మరిది నన్ను బస్టాండు దాకా సాగనంపాడు. ఆయనకు అసలు సంగతి తెలుసు. సైకిళ్ల గుంపులో వాళ్లకూ తెలుసు, నవ్వుతూనే ఉంటారు. వాళ్లూ ముసలివాళ్లవుతున్నారు. ఇంకొన్నేళ్లు పోతే ఆ మలుపులో ఆగిందెవరో, పైకి పోయిందెవరో చెప్పేవాళ్లే మిగలరు; అంతదాకా మాత్రం, ఎవరు అడిగినా, ఎక్కింది నేనే.