తొమ్మిదికి ఒకటి తక్కువ

నిన్న మా కొత్త స్కూటీకి నంబరొచ్చింది. మా ఆయన ఫోన్లో చూపించగానే అత్తయ్య వేళ్ళ మీద అంకెలు కూడేసి, మొహం చిట్లించి, "ఎనిమిదొచ్చిందేంట్రా, శని అంకె! విరుగుడు చేయించాకే రోడ్డెక్కించండి" అన్నారు. విరుగుడు అన్న మాట చెవిలో పడిందో లేదో, నా నోరంతా చేదైపోయింది. ఉత్తినే అనట్లేదు, నిజంగానే. యాక్!

ఆ చేదు మా పెదనాన్న పెట్టిన భిక్ష. వినగడపలో మా ఉమ్మడింట్లో ఆయన మాటే మాట, ఆయనకి తొమ్మిదే దేవుడు. పెద్దమ్మ ఎనిమిది గారెలు వడ్డిస్తే తొమ్మిదోది పడేదాకా ముట్టేవాడు కాదు. ఓసారి పెళ్ళిచూపులకి ఎనిమిది మంది బయల్దేరుతుంటే, గుమ్మంలో పాలు పోస్తున్నాయన్ని కూడా కారెక్కించేశాడు. ఆ పాలాయన లుంగీ మీదే వచ్చి, స్వీట్లు తిని, పిల్ల బాగుందని చెప్పి మరీ దిగాడు. అంతవరకూ నవ్వులాటే. నా పదో తరగతి హాల్ టికెట్ అంకెలు కూడితే ఎనిమిదొచ్చింది చూడండి, అక్కడ మొదలైంది నా ఖర్మ.

"ఎనిమిదో ఎక్కం చూడవే, అంతా దిగజారుడే! ఎనిమిది. పదహారంటే ఒకటీ ఆరూ ఏడు. ఇరవై నాలుగంటే ఆరు. అట్టా పోయి పోయి ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, కూడితే పది, మళ్ళీ కూడితే ఒకటి. అయిపోయింది బతుకు!" అన్నాడు. ఫ్రెండుతో కలిసి బస్సెక్కి తిరువూరు కాలేజీకి పోవాలన్నదొక్కటే నాకప్పట్లో కోరిక. లెక్కల పరీక్ష పొద్దున పరగడుపునే, విరుగుడంటూ నల్ల నువ్వుల నూనెలో వేపాకు ముద్ద కలిపి గ్లాసుడు తాగించాడు. జిడ్డుగా, పచ్చగా, గొంతులో జారకుండా అతుక్కుపోయింది. రెండో లెక్క దగ్గర డోకొచ్చేసింది, సరిగ్గా ఆన్సర్ పేపరు మీదే. పక్క పిల్లలు ముక్కులు మూసుకున్నారు. లెక్కలు తప్పాను. "చూశావా, ఎనిమిది ఊరికే పోద్దా? మందు పడబట్టి ఇంతటితో సరిపోయింది" అన్నాడు ఆ మహానుభావుడు!

సప్లిమెంటరీకి చదువుకుంటూ, పక్కింటి ట్యూషన్ అక్క దగ్గర ఏడుస్తూ ఆ ఎక్కం ఒప్పజెప్పాను. "ఒకటి దగ్గర ఆగావేం? ఇంకోటి వెయ్యి" అంది. డెబ్భై రెండు. ఏడూ రెండూ తొమ్మిది! తర్వాత ఎనభై, మళ్ళీ ఎనిమిదే. "ఏ అంకెకైనా తొమ్మిది కలుపు, అంకెలు కూడితే చివరికొచ్చేది మారదు. ఎనిమిది తొమ్మిదికి ఒకటి తక్కువ కాబట్టి ఎనిమిది కలిపినప్పుడల్లా ఒకటి తగ్గుద్ది. శనీ లేదు, గినీ లేదు" అంది. పరిగెత్తుకెళ్ళి పెదనాన్నకి చెప్పా. ఆయన మీసం దువ్వుకుని, "అదిగో, ఆఖరికి తొమ్మిదే గట్టెక్కించింది!" అన్నాడు. ఛీ, ఏమనాలి ఆ మనిషిని! నేను పాసయ్యేసరికి కాలేజీలో సీట్లైపోయాయి. నన్ను కుట్టు మిషను ముందు కూర్చోబెట్టి, ఊళ్ళో మాత్రం లడ్డూలు పంచాడు, ఇంటికి తొమ్మిది చొప్పున.

నిన్న చూస్తే, ఆ విరుగుడికే అత్తయ్య పెరట్లో వేపకొమ్మ వంచుతున్నారు. "అత్తయ్యా, అది మీరే తాగండి" అని తాళం లాక్కుని, అదే స్కూటీ మీద విస్సన్నపేట దాకా పోయొచ్చాను. పెదనాన్న కాలం చేశాడు, ఆయన మీద కోపం కూడా చాలావరకు అరిగిపోయింది. ఇన్నేళ్ళలో నేను ఎక్కడెక్కడికో వచ్చేశాను గానీ, నా నాలిక మాత్రం ఇంకా ఆ పరీక్ష రోజు పొద్దున దగ్గరే ఉండిపోయింది.