చెరువు నీళ్ల సీసాలు

భీమడోలులో రైలెక్కిన ఒకాయన నా ఎదుటి సీట్లో కూర్చుని, కాళ్ల దగ్గర ప్లాస్టిక్ బుట్ట పెట్టుకున్నారు. అందులో నీళ్లు నింపిన సీసాలు ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో చేపల చెరువు నంబరు. వాటిని ఏలూరులో ల్యాబుకి తీసుకెళ్తున్నానన్నారు.

నా ఒళ్లో తాడేపల్లిగూడెంలో జిమ్ ట్రైనర్ దగ్గర కొన్న ప్రొటీన్ డబ్బా, ఇంకో రెండు పొడులు ఉన్నాయి. ఏది ఎన్ని గ్రాములో, ఎన్ని గంటలకో ఫోన్‌లో పట్టిక వేసుకుంటున్నాను. రెండు వారాలుగా పాదాలు వాస్తున్న సంగతి మాత్రం అందులో రాయలేదు.

"ఏవండీ, ఇవన్నీ డాక్టరు గారు రాశారా?"

"లేదండీ, మా ట్రైనర్ చెప్పారు."

"అమ్మేదీ ఆయనేనా అండీ?"

"అవునండీ."

ఆయన నవ్వారు. "మాకూ చేపల మేత అమ్మే కొట్టు ఆయనే డాక్టరండీ. ఆయన ఇచ్చిందల్లా చల్లితే ఓ ఏడు చేపంతా తెల్లారేసరికి తేలిపోయింది. ఇప్పుడు గుప్పెడు మినరల్ వెయ్యాలన్నా ముందు నీళ్లు పరీక్ష చేయిస్తాను."

ఆయన చూపు నా పాదాల మీద, చెప్పుల పట్టీలు దిగిన గుర్తుల దగ్గర ఆగింది. బుట్టలోంచి ఖాళీ సీసా ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

"కడిగిందేనండీ. రేపు పొద్దున్నే పట్టి ల్యాబులో ఇచ్చేయండి."

మర్నాడు డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. మూత్ర పరీక్షకు ల్యాబువాళ్లు తమ సీసా తామే ఇచ్చారు. రిపోర్టు చూసి డాక్టరు గారు కిడ్నీలు దెబ్బతింటున్నాయని, మూడు పొడులూ ఆ రోజే ఆపమన్నారు. ఫోన్‌లో పట్టిక తెరిచి మూడు పొడులూ చెరిపేసి, పాదాల వాపు సంగతి రాసుకున్నాను.