వాగ్దానాల పళ్లెంలో గుల్లపీత

ఆ రోజుల్లో మా అండమాన్‌లో ఇంటర్నెట్ ఉండేదంటే అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఒక బొమ్మ కోసం నొక్కి, వెళ్లి బియ్యం కడిగి ఎసట్లో పోసి వస్తే, ఆ బొమ్మ పై అంచు మాత్రం కనిపించేది. అన్నం వార్చేసరికి సగం బొమ్మ. ఈలోగా కరెంటు పోయేది. అందుకే మిగతా ఊళ్లలో పిల్లలు తెరల మీద రాక్షసులతో యుద్ధాలు చేస్తూ పెద్దవాళ్లయితే, పోర్ట్ బ్లెయిర్‌లో నేనూ మా బావా మా రాక్షసుల్ని మేమే అట్టముక్కల మీద తయారుచేసుకున్నాం. మద్రాసు నుంచి సెలవులకొచ్చిన ఎవరో కుర్రాడి దగ్గర బావ ఒకసారి అలాంటి విదేశీ కార్డుల కట్ట చూశాడట. ఒక్కో కార్డు మీద ఒక వింత జంతువు, దాని బలం, దాని విద్య. ముట్టుకోనివ్వలేదట. ఆ కసితో మొదలైంది మా కార్ఖానా.

బావ అంటే మా మేనత్త కొడుకు. మావయ్యకు జంగ్లీఘాట్‌లో చిన్న ప్రింటింగ్ దుకాణం ఉండేది. పెళ్లికార్డులు, షాపుల బిల్లుబుక్కులు, మా తెలుగు చర్చికి కావలసిన కాగితాలు అన్నీ అక్కడే అచ్చయ్యేవి. మేం డెలానీపూర్‌లో, నాన్న ఆఫీసు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పని మా ఇద్దరికీ చక్కగా కుదిరింది. బావకు బొమ్మలు వేయడం వచ్చు, తెలుగు రాయడం రాదు. నాకు తెలుగు వచ్చు గానీ, నేను ఏనుగు వేస్తే టీ కెటిల్‌లా ఉండేది. అయితే నా తెలుగుకూ ఒక చిక్కుంది. బళ్లో చదివినవి ఇంగ్లీషు, హిందీ. మామ్మకు (నాన్నకు తల్లి, బావకు అమ్మమ్మ) కళ్లలో శుక్లాలు ముదిరి చూపు మసకబారడంతో, రోజూ సాయంత్రం ఆవిడకు వేదపుస్తకం, అంటే బైబిలు, చదివిపెట్టడం నా వంతు. నేను తెలుగు చదవడం నేర్చింది అందులోనే. దాంతో నా కలం నుంచి ఏది వచ్చినా ఆ ధోరణిలోనే వచ్చేది. ఉప్పునీటి మొసలి కార్డు మీద, "ఇది ఎదుటివాని ప్రాణులను రెంటిని మ్రింగి, పిమ్మట విశ్రమించును" అని రాశాను. చాతం దీవి కలపకోత మిల్లు భూతం మీద, "రంపపు పండ్లు గలది, తనకు అడ్డము వచ్చిన సమస్తమును నిలువుగా కోయును" అని రాశాను. బావ చదివించుకుని, "ఇదేంటే, మొసలి ప్రసంగం చేస్తున్నట్టుంది. చలేగా, బాగుంది" అనేవాడు.

గొడవంతా నియమాల దగ్గర వచ్చింది. బావ అప్పుడే పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పరిణామ సిద్ధాంతం దాకా వచ్చాడు. ఆ పాఠం ఒంటికి పట్టేసింది. ఆటలోకి ఏ ప్రాణీ తిన్నగా రాకూడదన్నాడు. ముందు పురుగు కార్డు వేయాలి, దాని మీద చేప, దాని మీద బల్లి, అలా పేర్చుకుంటూ పోతే చివరికి మొసలి రావాలట. నాకు ఒళ్లు మండింది. సండే స్కూల్లో మొదటి బహుమతి తెచ్చుకున్నదాన్ని. మొసలి మొసలిగానే రావాలి, రమ్మంటే రావాలి అన్నాను.

"రమ్మంటే రావడానికి అదేమైనా ఆటోనా? ప్రాసెస్ ఉంటుంది కదా యార్."

"నీ పురుగు మొసలయ్యేలోపు కరెంటు పోతుంది బావా."

ఆ తగువు మాటలతో తేలలేదు. చివరికి కార్డుల్నే రెండు జాతులు చేశాం. బావవి పెరిగే జాతి, నావి పిలిస్తే వచ్చే జాతి. ఎవరు గెలిస్తే సృష్టి రహస్యం వాళ్ల పక్షాన ఉన్నట్టు. (అంత పెద్ద ప్రశ్నను అంత సుళువుగా తేల్చేద్దామని మాకు ముందు మరెవరికైనా తట్టిందో లేదో తెలియదు.) మేమిద్దరం ఒప్పుకున్న కార్డు ఒక్కటే, గుల్లపీత. మా తీరంలో ఎక్కడ చూసినా కనిపించే జీవే అది. ఖాళీ గుల్లలో దూరి, దాన్ని మోసుకుంటూ తిరుగుతుంది, ఒళ్లు పెరిగాక ఆ గుల్ల వదిలి పెద్ద గుల్ల చూసుకుంటుంది. బావ దానికి పొడుగాటి మీసాలు పెట్టి బొమ్మ వేశాడు. నేను కింద రాశాను: "పాత గుల్లను విడిచినది క్రొత్త బలము పొందును, విడువనిది ఉన్నచోటనే క్షీణించును. బలము 40." పీత గుల్ల మార్చడంలో పరిణామమూ లేదు, సృష్టీ లేదు. అందుకని దాని మీద ఎవరికీ పేచీ లేదు.

మా ఆట సంగతి మామ్మకు తెలిసినప్పుడు నేను భయపడింది బావ పురుగుల గురించి. ఆవిడ ముందు ఆ సిద్ధాంతం ఎలా చెప్పాలా అని బావ రెండు రోజులు తయారయ్యాడు. ఆవిడ మాత్రం కార్డుల కట్టను వేళ్లతో తడిమి చూసి, "ఏటే ఇవి, పేకముక్కలా?" అంది. పేక కాదు మామ్మా అన్నాను. "గెలిసేవోడు ఉన్నాడా?" ఉన్నాడన్నాను. "ఓడేవోడు?" వాడూ ఉన్నాడన్నాను. "అయితే పేకే. మనిషి మట్టిలోంచి వచ్చాడో కోతిలోంచి వచ్చాడో పైకెళ్లాక నేనే అడుగుతాను గాని, విశ్వాసుల ఇంట్లో పేక ఆడకూడదు. బస్" అంది. బావ రెండు రోజుల కష్టం అలా మట్టిలో కలిసింది. కార్డులన్నీ మావయ్య దుకాణానికి తరలిపోయాయి.

ఆ డిసెంబరులో చర్చి యువజనులకు పాస్టరు అయ్యగారు ఒక చర్చ పెట్టారు: సృష్టియా, పరిణామమా? పరిణామం తరఫున మాట్లాడటానికి ఎవరూ ముందుకు రాకపోతే బావ చెయ్యెత్తాడు. సృష్టి తరఫున నన్ను నిలబెట్టారు. బావ పాపం చాలా చదువుకొచ్చాడు గానీ, సగం హిందీ, సగం ఇంగ్లీషు, మధ్యలో "అంటే" తప్ప తెలుగన్నది లేకుండా మాట్లాడటంతో ముందు వరసలో పెద్దవాళ్లకు ఒక్క ముక్కా ఎక్కలేదు. నేను లేచి కంటి గురించి మాట్లాడాను. గుండుసూదికి మొన తనంతట తాను రాదే, ఇంత సున్నితమైన కన్ను తనంతట తాను ఎలా వస్తుంది? చేసినవాడి చెయ్యి తప్ప మరో చెయ్యి దాన్ని ముట్టగలదా? చివరి వాక్యానికి నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. చప్పట్లు మోగాయి. ముందు వరసలో మామ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. బావకు ఓదార్పు బహుమతిగా సబ్బుపెట్టె, నాకు గోడగడియారం.

గడియారం ఇంట్లో గోడకు తగిలించాక గానీ నేను ఏం గెలిచానో తెలియలేదు. జనవరిలో మామ్మకు కంటి ఆపరేషన్‌కు నాన్న అన్నీ మాట్లాడి ఉంచాడు. ఆవిడను ఒప్పించడానికి ఏడాది పట్టింది. రెండో కన్ను అప్పటికే పోయినట్టే లెక్క, ఇంకా ఆలస్యం చేస్తే ఇదీ దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మామ్మ ప్రశాంతంగా, "ఆపరేషను వద్దులేరా. చిన్నది అంత చక్కగా చెప్పింది కదా. చేసినోడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముట్టకూడదు" అంది. నాన్న నా వైపు చూశాడు. నేను కంచం వైపు చూశాను. ముట్టకూడదని నేను అనలేదు, ముట్టగలదా అన్నానంతే. కానీ తేడా వినిపించుకునే స్థితిలో ఆవిడ లేదు. తర్వాతి రోజుల్లో నాన్న బతిమాలాడు, అత్త ఏడ్చింది, అయ్యగారు స్వయంగా వచ్చి చెప్పారు. అందరికీ నా వాక్యాలే జవాబుగా అప్పగించింది. నాకు తిండి సయించేది కాదు. రోజూ చదివేటప్పుడు ఆవిడ నా ముఖం వైపు కాక నా గొంతు వచ్చే దిక్కుకు తిరిగి కూర్చునేది. అది చూస్తే ఏడుపొచ్చేది.

మా చర్చిలో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక వాగ్దానాలు తీయడం ఆనవాయితీ. ఒక్కో కార్డు మీద ఒక వాక్యం ఉంటుంది. అన్నిటినీ పళ్లెంలో బోర్లించి తెస్తారు. ప్రార్థన చేసుకుని కళ్లు మూసుకుని ఒకటి తీస్తే, ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. ఆ కార్డులు అచ్చువేసి కోసేది మావయ్యే. మా రాక్షసుల్నీ మావయ్యే అదే మిషను మీద, అదే సైజులో, వెనక నీలం రంగున్న అదే అట్ట మిగులు మీద కోసిపెట్టాడు. పండగ రద్దీలో ఆయన మా కట్టను కూడా చర్చి డబ్బాలో సర్దేశాడు.

పెద్దవాళ్లతో మొదలుపెట్టడం పద్ధతి కాబట్టి మొదట తీసింది మామ్మ. కార్డు నా చేతికిచ్చి, "చదువే" అంది. తిప్పి చూస్తే మీసాల పీత. వెనక బెంచీలోంచి బావ తొంగి చూసి తలపట్టుకున్నాడు. మరేదైనా వాక్యం చదువుదామంటే, ఆ కంగారులో రోజూ చదివే వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. అందుకని ఉన్నదే చదివాను (బలము 40 మాత్రం వదిలేశాను).

మామ్మ చెవి నా వైపు వంచింది. "ఇంకోసారి చదువు" అంది. చదివాను. "విడువనిది?"

"ఉన్నచోటనే క్షీణించును, మామ్మా."

ఈలోగా పళ్లెం ముందుకు పోయింది. కాంట్రాక్టరు అంకుల్ లేచి గట్టిగా, "రంపపు పండ్లు గలది, తనకు అడ్డము వచ్చిన సమస్తమును నిలువుగా కోయును" అని చదివితే, అలవాటు కొద్దీ సంఘమంతా ఆమెన్ అంది. పక్కనున్నాయన బొమ్మ చూసి, "అంత్యదినాల మృగం కాబోలు" అని భయంగా చెప్పాడు. వారంలో ఓడెక్కి వైజాగ్‌లో అత్తవారింటికి వెళ్లాల్సిన కొత్త పెళ్లికూతురికి మా తుఫాను పక్షి కార్డు వచ్చింది: "ఓడలన్నియు రేవులోనే నిలిచిపోవును." ఆ పిల్ల ఎర్రబడి, సంతోషమో బెంగో తెలియకుండా కూర్చుంది. అయ్యగారికి అనుమానం వచ్చి పళ్లెంలో కార్డు ఒకటి తిప్పి చూశారు. తర్వాత మావయ్య వైపు చూశారు. మావయ్య బావ వైపు, బావ నా వైపు చూశారు. అక్కడితో చూపులు ఆగిపోయాయి, నాకు చూడటానికి ఎవరూ లేరు.

అసలు వాగ్దానాల్ని ఏరి, మా ప్రాణుల్ని వెనక్కి తీసుకుంటూ అయ్యగారు చివరికి మా బెంచీ దగ్గరికొచ్చారు. "అమ్మగారూ, పొరపాటైంది. అది పిల్లల ఆటముక్క. ఇటిచ్చి వేరేది తీసుకోండి" అన్నారు.

మామ్మ గుప్పెట బిగించింది. "ప్రార్థన చేసుకునే తీశాను కదా అయ్యగారూ?"

"తీశారు. కానీ అది వాగ్దానం కాదండి."

"పళ్లెం మీది, చెయ్యి నాది. ఇచ్చేవోడికి ఏది ఇవ్వాలో తెలీదంటారా? నచ్చలేదని మార్చుకోడానికి ఇదేమైనా దుకాణమా?"

అయ్యగారు చాలా చదువుకున్న మనిషి. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మామ్మ నాన్న వైపు తిరిగి, "సోమవారం ఆసుపత్రి ఉంటుందా? తీసికెళ్లు. పాత గుల్ల వదిలేస్తాను" అంది. నాన్న అక్కడే, అందరి ముందూ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

ఆపరేషన్ అయ్యి కట్టు విప్పిన రోజు ఆవిడ మొదట నన్నే చూసింది. "ఈ మొటిమలెప్పుడు వచ్చాయే నీకు?" అంది. అంత సంతోషంగా నన్నెవరూ వెక్కిరించలేదు. తర్వాత దిండు కింద నుంచి కార్డు తీసి చాలాసేపు పరీక్షగా చూసింది. "పీతకి మీసాలేటి, అచ్చం మీ మావయ్యలాగ? ఈ బలము నలభై ఏటి? నాకు చదవలేదే?" నేను దుప్పటి సర్దసాగాను. పక్కనున్న బావ సందు దొరికింది కదా అని, "అయితే అమ్మమ్మా, డాక్టరు చెయ్యి కంటిని ముట్టింది కదా, మరి ఆ రోజు చర్చలో గెలిచింది నేనేనా?" అన్నాడు. "కన్ను చేసింది దేవుడేరా. డాక్టరు మసక తుడిచాడు. ఇల్లు కట్టినోడే కిటికీలు కూడా తుడవాలా?" అంది. సబ్బుపెట్టె బావ దగ్గరే ఉండిపోయింది. కార్డులకు మాత్రం ఇంట్లోకి అనుమతి వచ్చింది. మామ్మ కూడా మాతో కూర్చుని ఆడేది, బావ మొసలిని చూసి నిజంగానే భయపడేది. గుల్లపీతను మాత్రం ఆటలోకి దించనివ్వలేదు. అది వేదపుస్తకంలోనే ఉండిపోయింది. సృష్టి రహస్యం ఎవరి పక్షమో మేం చివరిదాకా తేల్చలేకపోవడానికి ఆ ఒక్క కార్డు తక్కువ కావడమే కారణమని బావ ఇప్పటికీ అంటాడు.

మామ్మ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. వేదపుస్తకంతో పాటు పీతనూ ఆవిడ చేతుల్లోనే పెట్టి పంపించాం. దుకాణం ఇప్పుడు బావ చూసుకుంటున్నాడు, వాగ్దానాలు ఇంకా అక్కడే అచ్చవుతాయి. ఇప్పుడు బావ ప్రతి కట్టనూ రెండుసార్లు సరిచూసి పంపిస్తాడు. నాకూ చదవడానికి కళ్లజోడు వచ్చింది. ఏటా కొత్త సంవత్సరం ఉదయం పళ్లెం నా ముందుకొచ్చినప్పుడు, ఇంత వయసొచ్చిన మనిషిని, కళ్లు మూసుకుని, వేళ్లతో కార్డుల అంచులు తడుముతూ అక్కర్లేనంత సేపు వెతుకుతాను. ఈసారీ మంచి వాగ్దానమే వచ్చింది. చదువుకున్నాను, ఆమెన్ అన్నాను. అయినా ఎందుకైనా మంచిదని ఇంకోసారి తిప్పి చూశాను, ఎక్కడైనా మీసాలు కనిపిస్తాయేమోనని.