ముందుకాళ్లు రాని కప్పలు

ఆ పిల్లల బడిలో అందరూ ఆమెను ఆయమ్మ అనే పిలిచేవారు. బడికి రాకముందు పద్నాలుగేళ్లు ఆస్పత్రి వార్డుల్లో నేల తుడిచింది. శుభ్రమంటే ఆమెకు బ్లీచింగ్ పొడి వాసన. ఆ వాసన రాకపోతే గది కడిగినా కడగనట్టే.

మాంటిసోరి బడి అని తెలిసి చేరలేదు, ఇంటికి దగ్గరని చేరింది. మొదటి నెలంతా వింతగా తోచింది. అలమరలన్నీ పిల్లల నడుమెత్తులోనే ఉండేవి. మూడేళ్ల పిల్ల గాజు జగ్గుతో నీళ్లు వంపుకుంటుంటే ఎవరూ పరుగెత్తుకెళ్లి లాక్కునేవారు కాదు. ఒలికితే ఆ పిల్లే గుడ్డ తెచ్చి తుడుచుకునేది.

"ఇంక నేనెందుకమ్మా ఇక్కడ, దిష్టిబొమ్మలా నిలబడ్డానికా?" అని టీచరును అడిగింది.

టీచరు నవ్వింది. "వాళ్లు చేసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టకపోవడం కూడా పనే, ఆయమ్మా. ఇంకో మాట. వాళ్లేమైనా అడిగితే తెలిసింది చెప్పండి, తెలియకపోతే తెలీదనండి. కల్పించి మాత్రం చెప్పొద్దు."

కిటికీ పక్కన ఒక పొట్టి బల్ల ఉండేది. దాని మీద అయస్కాంతం, భూతద్దం, ఏవి మునుగుతాయో ఏవి తేలుతాయో వేసి చూసుకునే నీళ్ల పళ్లెం. ఆ వానాకాలం టీచరు అక్కడో గాజుతొట్టి పెట్టి పదకొండు తోకకప్పలను తెచ్చి వదిలింది. పిల్లలు రోజూ వాటిని చూసి, చూసింది చూసినట్టు కాగితం మీద గీయాలి.

అందరికంటే ఎక్కువసేపు తొట్టి ముందు కూర్చునేది ఒక నాలుగున్నరేళ్ల పిల్ల. నోరు తెరిస్తే 'ఎందుకు' అనడమే. అందుకే ఆయమ్మ ఆమెకు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టింది. తోకకప్పలకు వెనకకాళ్లు మొలిచిన రోజు ఆ పిల్ల ఆయమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"ముందువి ఎందుకు రాలేదు?"

"నాకు తెలీదు తల్లీ."

"నాకూ తెలీదు. రేపు చూద్దాం."

ఆ 'చూద్దాం'లో తననూ కలుపుకున్నందుకు ఆయమ్మకు ఆ రోజంతా కాళ్లు నేల మీద ఆనలేదు.

శనివారం పిల్లలు రారు, ఆమె ఒక్కతే కడగడానికి వచ్చింది. తొట్టి అద్దాలకు పచ్చగా జిగురు పట్టి ఉంది. "నీళ్లు మారిస్తే ఇవే పోయాలి" అని టీచరు రెండు రోజులుగా నిలవబెట్టిన నీళ్ల బకెట్ పక్కనే ఉంది. నిలవ నీళ్లంటే ఆయమ్మకు మురికి నీళ్లే. వాటిని పారబోసింది. కప్పల్ని గిన్నెలోకి తీసి, తొట్టిని బ్లీచింగ్ పొడితో తోమి, కుళాయి నీళ్లు నింపి మళ్లీ వదిలింది. తళతళలాడుతున్న తొట్టిని చూసి మురిసిపోయింది.

సోమవారం అందరికంటే ముందొచ్చి తలుపు తీసింది. పదకొండూ చచ్చి తేలుతున్నాయి.

జల్లెడతో ఎత్తి, పెరట్లో గోడవారన పూడ్చేసింది. తిరిగొచ్చి తొట్టి మూతను కొంచెం పక్కకు జరిపింది. తర్వాత ఎన్నేళ్లయినా ఆమెకు మింగుడుపడనిది ఆ ఒక్క పనే. మిగతావన్నీ భయంలో చేసింది, మూత మాత్రం ఆలోచించి జరిపింది.

పిల్లలొచ్చాక, "అవి కప్పలైపోయి దూకి వెళ్లిపోయాయి" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరు తొట్టినీ మూతనూ కాసేపు చూసి, "సరే, వెళ్లిపోయాయన్నమాట" అని ఊరుకుంది.

ఎందుకమ్మ మాత్రం కదల్లేదు. "శుక్రవారం ముందుకాళ్లు లేవుగా. ఎలా దూకాయి?"

"సెలవుల్లో వచ్చుంటాయి."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. నేను కళ్లారా చూశాను తల్లీ."

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. ఇంకేం అడగలేదు.

గురువారం ఆయమ్మ ఊడుస్తుంటే, చాప మీద ఎందుకమ్మ శుక్రవారం నాటి తన బొమ్మ ముందు పెట్టుకుని, పెన్సిల్ నొక్కి నొక్కి ఒక్కో కప్పకూ ముందుకాళ్లు గీస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"నాది తప్పు. కాళ్లు ఉండే ఉంటాయి. నేనే సరిగ్గా చూళ్లేదు."

అప్పుడే చెప్పెయ్యాల్సింది. చీపురు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని అంతా అక్కతో చెప్పింది. అక్క దర్జీ దుకాణంలో గుండీలు కుడుతుంది, ఇద్దరిదీ ఒకే గది. "తోకకప్పల కోసం తిండి మానేసిన మనిషిని నిన్నే చూస్తున్నా" అని మొదట ఎగతాళి చేసింది. చెల్లెలి ముఖం చూసి తగ్గింది. "కప్పల గురించి కాదుగదే నీ బాధ. ఆ పిల్ల తన కళ్లను తనే నమ్మడం మానేసింది. పోయి చెప్పు."

మర్నాడు టీచరుతో చెప్పింది. టీచరు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. చావు గురించి పిల్లలకు చెప్పే పని తప్పిందిలే అని ఊరుకున్నాను. నా తప్పేం తక్కువ కాదు. పిల్లలతో నేను చెప్పనా?"

"నేనే చెబుతానమ్మా."

మోకాళ్లు పట్టేస్తున్నా చాప మీద పిల్లల మధ్య కూర్చుంది. "అవి దూకలేదు. చచ్చిపోయాయి. నేను బ్లీచింగ్ వేసి కడగడం వల్లే చచ్చిపోయాయి. పెరట్లో పూడ్చిపెట్టాను. మీకు అబద్ధం చెప్పాను."

ఒక పిల్ల ఏడ్చింది. ఒకడు తవ్వి చూద్దామన్నాడు. ఎందుకమ్మ లేచి నిలబడింది.

"కళ్లారా చూశానన్నావు."

"అన్నాను. చూడలేదు."

"మరి నేను సరిగ్గానే చూశానా?"

"సరిగ్గానే చూశావు తల్లీ. ముందుకాళ్లు లేవు."

పిల్ల రబ్బరు తెచ్చుకుని ముందుకాళ్లన్నీ చెరిపింది. గట్టిగా నొక్కి గీసినవి కావడంతో గుర్తులు పోలేదు. టీచరు కొత్త కాగితం ఇవ్వబోతే వద్దంది.

ఆ తర్వాత చాన్నాళ్లు, బయట వాన పడుతోందని ఆయమ్మ చెప్పినా ఎందుకమ్మ కిటికీ దాకా వెళ్లి చూసుకుని వచ్చేది. కోపంతో కాదు, అలవాటుగానే. ఆయమ్మ తల దించుకుని పని చేసుకునేది. మానేస్తానని ఒకసారి అంటే టీచరు ఒప్పుకోలేదు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల పెద్ద బడికి వెళ్లిపోయింది.

మరుసటి వానాకాలం తొట్టిలోకి మళ్లీ తోకకప్పలు వచ్చాయి. కొత్త పిల్లలు నీళ్లు మార్చబోతుంటే ఆయమ్మ వాళ్లను కూర్చోబెట్టి, మందు కలిసిన కుళాయి నీళ్లు నిలవబెట్టకుండా ఎందుకు పోయకూడదో, తను ఏం చేసిందో, ఏమని చెప్పిందో వరసగా చెప్పింది. ఏటా చెబుతూనే వచ్చింది. మూత సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ ఆమె గొంతు తగ్గిపోయేది, చూపు చాప మీదికి వాలిపోయేది.