తుప్పు రంగు కోడలు

ఆ ఇంటి అత్తగారికి మనుషుల గొంతుల్లో రంగులు కనిపిస్తాయి. ఎవరైనా నోరు విప్పితే చాలు, రంగు చెప్పేస్తుంది. ఒకసారి చెప్పాక, తలకిందులుగా తపస్సు చేసినా ఆ రంగు మార్చదు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా ఉన్న రోజుల్లో పెద్దాఫీసరుకే, "సార్, మీది పాచి రంగు గొంతు. కాస్త మెల్లగా మాట్లాడండి, కళ్ళు లాగుతున్నాయి" అని చెప్పి మరీ లైను కలిపిన మనిషి. అల్లుడు వంకాయ రంగు. పక్కింటి టైలరు సున్నం రంగు. కొత్త కోడలు వచ్చి "బాగున్నారా అత్తయ్యా?" అనగానే ఎగాదిగా చూసి, "తుప్పు" అంది. కోడలికి ఒళ్ళు మండింది.

"కనీసం ఇటుక రంగు అనొచ్చుగా?"

"ఇటుక మీ అమ్మది. నీది తుప్పే."

కొన్నేళ్ళ తర్వాత ఈ రంగుల గొడవ విని మెదడు డాక్టరు నవ్వాడు. "ఇది జబ్బు కాదమ్మా. ఈవిడ మెదడులో వినే దారీ, రంగులు చూసే దారీ ఎక్కడో కలిసిపోయాయి, అంతే."

"డాక్టరుగారిది గచ్చకాయ రంగు" అంది ఆవిడ సంబరంగా.

అసలు ఆయన దగ్గరికి వెళ్ళింది మామగారి కోసం. మతిమరుపు జబ్బు ఆయన దగ్గర్నుంచి పేర్లన్నీ లాగేసుకుంటోంది. సిగ్గుపడి, ఎవరొచ్చినా గదిలో తలుపేసుకుంటున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ భార్య నోట విన్న రంగులు మాత్రం ఇంకా మిగిలాయి. "ఆ రంగులతోనే మనుషుల్ని గుర్తుపట్టించి చూడండి, ఫలిస్తుందని మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే అత్తగారు హుకుం జారీ చేసింది: "ఈ గడప తొక్కేవాళ్ళు ఎవరి రంగు బట్టలు వాళ్ళు వేసుకు రావాల్సిందే!"

ఆదివారం అల్లుడు వంకాయ రంగు చొక్కాలో ఏడుపు మొహంతో దిగాడు. మామగారు తలుపు సందులోంచి చూసి, "వంకాయ! మా అల్లుడే!" అంటూ బయటికొచ్చాడు.

తర్వాత కోడలు. కొట్లన్నీ గాలించి తెచ్చిన తుప్పు రంగు స్వెటర్‌తో ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్ళూ తిట్టుకున్న రంగే ఇప్పుడాయన నోట వినాలని ప్రాణం కొట్టుకుంది.

"నేనండీ మామయ్యా."

ఆయన చాలాసేపు చూశాడు. "పసుపు... మా కోడలు. పసుపు."

రంగు తప్పు చెప్తే పెయింటు కొట్టువాడితో కూడా కలబడే మనిషి అత్తగారు. ఆయన బెదురుగా ఆవిడ వైపు చూశాడు.

"పసుపే" అంది ఆవిడ తడుముకోకుండా. "ఇన్నాళ్ళూ నేనే తప్పు చూశాను."

ఆయన మొహం విప్పారింది. కుర్చీ లాక్కుని అందరి మధ్యా కూర్చున్నాడు.

వంటింట్లో కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నిజంగా నేను పసుపేనా అత్తయ్యా?"

"నీ మొహం! తుప్పంటే తుప్పే. రేపట్నుంచి మాత్రం పసుపు స్వెటర్ వేసుకో. మీ మామయ్య మాట పోకూడదు."