ధరకు ముందు తరుగు

అది మొదలైంది 2022 అక్టోబరు 1, శనివారం, సాయంత్రం నాలుగూ నలభైకి. ఇవాళ కూడా శనివారమే. ఇందాక ఎదురింటి మిద్దె మీద ఎవరో ఫోనులో ఫుట్‌బాల్ ఆట పెట్టారు. మొదట రిఫరీ ఈల, ఆ వెనకే వేలమంది గొంతుల హోరు. పగలంతా కాగిన మిద్దె మీద నీళ్లు చల్లినట్టున్నారు, వేడి సున్నం వాసన కూడా గాలితో పాటు వచ్చింది. లేచి వెళ్లి కిటికీ మూయబోయి, మూయలేక, ఆట సగమయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

రూతమ్మ టీచరు మీలో ఎవరికీ తెలియదు. కడపలో ఒక మిషను బడిలో లెక్కలూ ఆటలూ నేర్పి, పింఛను లేకుండానే రిటైరై, చర్చి పక్కన ఒంటి గది అద్దెకు తీసుకుని కర్నూలులో ఉండేది. ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించిన మనిషి. డెబ్బై నాలుగేళ్ల వయసులోనూ ఇంగ్లండు, స్పెయిను క్లబ్బుల ఆటలు వదిలేది కాదు. నేను ఆమె వీధిలోనే ఉండేదాన్ని, ట్రెజరీ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి ఇంట్లో కూర్చున్న ఒంటరిదాన్ని. ఆ అక్టోబరు శనివారం దారిన పోతుంటే పిలిచి, మంచం మీద కూర్చోబెట్టి, ఫోను నా ముందు పెట్టింది. తెరమీద మూడు పందెం అంగళ్ల ధరలు పక్కపక్కన ఉన్నాయి. పేజీల రంగును బట్టి వాటికి ఎర్రంగడి, పచ్చంగడి, నల్లంగడి అని ఆమే పేర్లు పెట్టుకుంది.

"సుశీలా, ట్రెజరీలో శానా లెక్కలు చూసింటావు. దీంట్లో దొంగతనం యాడ ఉండాదో చెప్పు," అంది.

నాకు తెలియలేదు. ఆమె చెప్పింది. సొంత మైదానంలో ఆడే ఇంటి జట్టు గెలుపు ధర రెండున్నర అంటే, రూపాయి పెడితే గెలిచినప్పుడు రెండున్నర చేతికొస్తుంది. నూటిని రెండున్నరతో భాగిస్తే నలభై. అలాగే ఆట సమానమైతే ఇచ్చే ధరతోనూ, బయటి నుంచి వచ్చిన జట్టు గెలిస్తే ఇచ్చే ధరతోనూ నూటిని భాగించి, మూడూ కూడాలి. న్యాయమైన అంగడైతే సరిగ్గా నూరు రావాలి. ఎర్రంగడిది నూట తొమ్మిది వచ్చింది, పచ్చంగడిది నూట ఏడు, నల్లంగడిది నూట అయిదు. నూటికి పైనున్నదంతా, బంతి కదలకముందే అంగడివాడు తన కోసం పక్కన పెట్టుకున్నది.

"మా నాయన కోడుమూరు నుంచి ఉల్లిగడ్డలు బండికేసుకొని ఈ ఊరి మార్కెట్టుకు వచ్చేవాడు. ధర ఎంతని ఎవురినీ అడిగేటోడు కాదు. తరుగు ఎంతప్పా అని అడిగేవాడు. క్వింటాలుకు నాలుగు కిలోలు తరుగు కింద కోసేటోడు ధర ఎంత చెప్తే ఏం లాభం? ఇదీ అంతే. ఈ ఎర్రంగడోనికి సిగ్గు లేదు, నూటికి తొమ్మిది కోస్తాండాడు."

"మీరు పందెం కాస్తారా టీచరమ్మా?" అని భయంగానే అడిగాను.

"పందెం పాపమని మా చర్చి అయ్యగారు చెప్తాడు. భాగహారం పాపమని యాడా చెప్పలేదే!"

ఆ తర్వాత శనివారం సాయంత్రాలు మావయ్యాయి. ఊళ్లో ఉన్న ప్రతి శనివారం వెళ్లేదాన్ని. నా నోటు పుస్తకంలో తేదీ, ఆట, మూడు అంగళ్ల తరుగు రాసుకునేవాళ్లం. పెద్ద జట్ల ఆటలకు తరుగు తక్కువ, ఎవరూ చూడని చిన్న జట్ల ఆటలకు ఎక్కువ అని తెలుసుకున్నాం. నేను భాగహారంలో రెండో దశాంశం వదిలేస్తే ఆమె పెన్సిలుతో నా వేలి మీద కొట్టేది. అరవై అయిదేళ్ల వయసులో ఒకరి చేత దెబ్బ తినడం ఎంత బాగుంటుందో చెప్పలేను. ఆఫీసులో లెక్కలంటే తప్పు పట్టడానికే. ఎదుటివాడు చూపించకుండా దాచుకున్నది కనిపెట్టి నవ్వుకోవడానికి కూడా లెక్క పనికొస్తుందని ఆమె దగ్గరే తెలిసింది. కూరగాయల బండి దగ్గరైనా, బ్యాంకులోనైనా, ముందు వాళ్ల వాటా ఎంతో అడగడం నాకు అలవాటైపోయింది.

2024 ఫిబ్రవరిలో ఆమె గది ఉన్న ఇల్లు కూల్చేస్తామన్నారు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక గది ఖాళీగా ఉంది. అద్దె ఆమె కట్టుకోగలదు, కానీ అడ్వాన్సు ముప్పై వేలు అడిగారు. ఆమె దగ్గర ఇరవై ఒక్క వేలున్నాయి. మార్చి 15 లోపల కట్టాలి. లేదంటే రాజంపేటలో చెల్లెలి కూతురి దగ్గరికి పోవడమే.

"తొమ్మిది వేలే కదా తక్కువ," అన్నాను.

"తొమ్మిది వేలే. అయినా అప్పు ముట్టను సుశీలా. ఈ వయసులో అప్పు చేస్తే తీర్చేకి ఆయుస్సు కూడా అప్పు తెచ్చుకోవల్ల."

అలా అనేసరికి నేనిస్తానన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఇస్తే తీసుకోదని నేనే తీర్మానించుకున్నాను. కానీ ఆమె నేర్పిన లెక్కతో వచ్చిన డబ్బయితే అది ఆమెదే కదా, ఎలా కాదంటుంది?

మార్చి 14, గురువారం. ఆ రాత్రి ఐరోపా కప్పులో రెండు జట్ల మధ్య రెండో ఆట ఉంది. పొద్దున ఒక్కదాన్నే కూర్చుని మూడు అంగళ్లూ చూశాను. ఇంటి జట్టుకు పచ్చంగడిలో రెండున్నర, సమానమైతే నల్లంగడిలో మూడూ ఇరవై, వచ్చిన జట్టుకు ఎర్రంగడిలో నాలుగు. భాగించి కూడితే తొంభై ఆరుంపావు. నూటికి తక్కువ! ఒక్కో ఫలితానికి ఒక్కో అంగడిలో పెడితే, ఎవరు గెలిచినా నాకే మిగులుతుంది. తొంభై ఆరు వేలు, డెబ్బై అయిదు వేలు, అరవై వేలు. మొత్తం రెండు లక్షల ముప్పై ఒక్క వేలు. ఏది జరిగినా వచ్చేది రెండు లక్షల నలభై వేలు. సరిగ్గా తొమ్మిది వేలు మిగులు. అయిదుసార్లు సరిచూశాను. చట్టం ఒప్పని పని అని తెలుసు. అయినా బ్యాంకులో డిపాజిట్టు రద్దు చేయించి, బస్టాండు దగ్గర పందేలు కట్టించే మనిషికి మూడు ధరలూ చీటీ మీద రాసి, డబ్బు చేతిలో పెట్టి వచ్చాను.

మరునాడు పొద్దున అయిదూ యాభైకి ఫలితం చూశాను. వచ్చిన జట్టు ఒకటి సున్నాతో గెలిచింది. అరవై వేలకు నాలుగింతలు. తొమ్మిదింటికి ఆ మనిషి దగ్గరికి వెళ్లాను.

"ఏమీ రాలేదమ్మా," అన్నాడు.

"గెలిచింది కదప్పా!"

"ఆట గెలిచినారు. పై రౌండుకు పోలేదు గదమ్మా. పోయిన వారం రెండు గోల్స్ తేడాతో ఓడినారు, రెండాటలూ కలిపితే వాళ్లు బయటికే. మీరు రాసిచ్చిన నాలుగు, పై రౌండుకు పోతే ఇచ్చే ధర. ఫోనులో ఆ ధర పైన రాసి ఉండాది చూడండి."

చూశాను. రాసి ఉంది. అంకె సరైనదే, అది ఉన్న పద్దు వేరు. ముప్పై ఒక్క ఏళ్లు, పద్దు తప్పు రాశారని ఎన్ని బిల్లులు తిప్పి పంపానో నాకే తెలుసు.

ఇంటికొచ్చి కూర్చున్నాను. ఆ పగలంతా పోయిన సొమ్మునే మళ్లీ మళ్లీ కూడుకున్నాను. అన్నం తినలేదు. అది పదిహేనో తారీఖని, గది గడువు ఆ సాయంత్రమేనని, నా పింఛను ఖాతాలో అప్పటికీ తొమ్మిది వేలకు పైనే ఉందని నాకు తట్టలేదు. ఈ వాక్యం రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

శనివారం పుస్తకం తీసుకుని వెళ్లి అంతా చెప్పాను. టీచరమ్మ అద్దాలు తుడుచుకుని ఆ పేజీ చదివింది.

"మూడు దారులుంటే మూడిట్లోనూ ఓడిపోయినదానివి లోకంలో నువ్వొక్కదానివే ఉంటావే," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "ఏమిటికి చేసినావు?"

"గదికి. తొమ్మిది వేలకు."

"అంత దుడ్డు బ్యాంకులో పెట్టుకొని! ఆ తొమ్మిది వేలు తెచ్చి నా చేతిలో పెట్టింటే అయిపోయేది గదా."

"అప్పు ముట్టనంటిరి కదా."

"ఊర్లోవాళ్ల అప్పు ముట్టనన్యా. నువ్వు ఊర్లోదానివా సుశీలా?"

ఇప్పుడైనా ఇస్తాను, పదండి, అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ ఇంటాయన నిన్న పొద్దు గుంకేదాకా చూసినాడంట. ఎవురో వచ్చి కట్టేసినారు. చెల్లెలి కూతురికి ఫోను చేసినా. ఈస్టరు కాంగానే వస్తాననిన్యా."

ఏప్రిల్ 1, సోమవారం, ఉదయం ఏడూ పదికి రాజంపేట బస్సు ఎక్కించాను. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "నేను నేర్పిన లెక్కే నిన్ను ముంచింది," అంది. కాదు టీచరమ్మా, మీరు పక్కన లేకుండా చేసిన లెక్క ముంచింది, అనాలనుకున్నాను. బస్సు కదిలింది. ప్రతి శనివారం ఫోను చేసేదాన్ని. ఒకసారి, ఈరోజు ఏం ఆట ఉంది అని అడిగితే, "చూసేది మానేసినా," అంది. ఇంకెప్పుడూ అడగలేదు. డిసెంబరు 9, సోమవారం, మధ్యాహ్నం రెండింటికి చెల్లెలి కూతురు ఫోను చేసింది.

ఇప్పుడు ఏ అంకె కనబడినా దాని పైన ఏం రాసి ఉందో ముందు చదువుతాను. మనుషుల మాటల్లో కూడా, ఏమన్నారు అన్నదే కాక, ఎవరి గురించి అన్నారు అని అడిగి తెలుసుకోవాలని నేర్చుకున్నాను. అడగడానికి మా వీధిలో ఇప్పుడు ఎవరూ లేరు.

పోయినవి: రెండు లక్షల ముప్పై ఒక్క వేల రూపాయలు. రెండిళ్ల అవతల ఒక గది. 2024 ఏప్రిల్ 6 నుంచి డిసెంబరు 7 వరకు, ఆమె బతికుండగానే, ముప్పై ఆరు శనివారాలు. ఆ తర్వాతవన్నీ. రూతమ్మ టీచరు.